పడవ వచ్చిందా?

మంగళవారం, పోర్ట్ బ్లెయిర్

నూకరాజు పడవ వచ్చేసింది. ముందు ఆ మాట రాసుకోవాలి.

చేపల వేటకెళ్ళిన పడవలు తిరిగొచ్చాయో లేదో మా మత్స్యశాఖ ఆఫీసుకు చెప్పే యాప్‌లో తెలుగు మాటలన్నీ నావే. "మీరు ఒడ్డుకు చేరారా?" అని రాసి, ఎంత తేలిగ్గా ఉందోనని మురిసిపోయాను. నిన్న సాయంత్రం నూకరాజు ఫోన్ నుంచి "అవును" వచ్చింది. రాత్రంతా చూసినా మొగుడు ఇల్లు చేరలేదని పొద్దున అతని భార్య పైడమ్మ బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ ఎక్కి ఆఫీసుకు వచ్చేదాకా, అతను ఇంకా సముద్రంలోనే ఉన్నాడని మాకెవరికీ తెలియదు.

"ఫోను తడిసిపోద్దని ఇంటికాడే ఒగ్గేసి ఎల్తాడు దీదీ. ఒడ్డుకు చేరారా అనడిగింది. నానొడ్డునే ఉన్నాను గదా, అవునని నొక్కేసినాను."

వెంటనే బోటు పంపారు. ఇంజన్ చెడిన పడవను మధ్యాహ్నానికి తాడుకట్టి లాక్కొచ్చారు. పైడమ్మ మొగుణ్ణి తిడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"పడవ వచ్చిందా?" అని మార్చాను. కింద "వచ్చింది", "ఇంకా రాలేదు". ముందు పైడమ్మకే చూపించాను.

"రాలేదని నొక్కితే ఎవరన్నా ఎతుకుతారా దీదీ?"

వెతుకుతారన్నాను. ఆ మాట తెరమీద ఎక్కడా లేదు. రేపు రాయాలి. రాసేముందు, అది నిజమేనా అని ఆఫీసులో అడగాలి.