ఉతకని కోటు

లుకోవిత్సా,
2024 నవంబరు 20, బుధవారం, మధ్యాహ్నం.

గౌరవనీయులైన నిక్షా అన్నగారికి,

ఆరేళ్ళు మీ ఆట బట్టలు ఉతికిన తోంకా నమస్కరించి రాసుకునే సంగతులు. మీరూ మీ ఇంట్లోవాళ్ళూ రియెకాలో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమం అని రాయడం మర్యాద గాని, క్షేమంగా లేను కాబట్టి రాయడం లేదు. మీ చిరునామా మీ పిన్ని కూతుర్ని బతిమాలి తీసుకున్నాను. ఆమెను ఏమీ అనకండి. ముప్ఫై అయిదేళ్ళుగా ఒక్క ముక్క రాయనిదాన్ని ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, భయమేసి. వేరే కారణం చెప్పుకోవాలని చూశాను, కుదరలేదు.

మా ఆయన బెపో పోయి నాలుగేళ్ళయింది. విని ఉంటారు. రేవు గోదాము గోడ మీద కుర్రకారు ఆయన బొమ్మ వేశారు, రెండంతస్తుల ఎత్తు. చేతిలో మండుతున్న కోటు. రొట్టెలకు వెళ్ళినప్పుడల్లా ఆ బొమ్మ కిందనుంచే నడవాలి. బతికుండగా ఆయన అంత పొడుగు లేడు.

ఇక అసలు సంగతికి వస్తాను. నా పైపళ్ళు ఊడిపోయాయి. పళ్ళ డాక్టరు కొత్త సెట్టుకి చెప్పిన ధర విని నాకు మిగిలిన కిందిపళ్ళు కూడా కదిలాయి. పక్కింటి లూత్సే ఉందిగా, మీకు గుర్తుండే ఉంటుంది, టిక్కెట్ల కిటికీలో కూర్చునే మనిషి, ఆవిడే ఈ దారి చూపించింది. ఆవిడ తన మొగుడు దాచిన క్లబ్బు జెండాలన్నీ ఇంటర్నెట్టులో పెట్టి అమ్ముకుంది. “బెపో సామాను పెట్టెలో చెదలకి పెడుతున్నావేంటి వదినా, పైకి తియ్యి, పనీపాటా లేని మొగాళ్ళు ఎగబడి కొంటారు” అంది. ఫోన్‌లో ఎలా పెట్టాలో, బేరం ఎలా ఆడాలో నేర్పింది.

ముందు బెపో చేతి తొడుగులు పెట్టాను. అబ్బో, ఆ బేరాలు చూడాలి మీరు. ఒకడు నమస్కారం కూడా లేకుండా ఆఖరి రేటు ఎంత అని అడిగాడు. మొదటి రేటే నేనింకా చెప్పలేదు. ఇంకొకడు నలభై యూరోలూ, ఎండబెట్టిన పంది తొడ సగమూ ఇస్తానన్నాడు. నాకు పళ్ళే లేవు నాయనా, తొడ ఏం చేసుకోను అని రాశాను. తొంభైకి తెగింది. వారం రోజులు నవ్వుకుంటూ తిరిగాను. ఆ ధైర్యంతోనే పెట్టె అడుగున ఉన్న పసుప్పచ్చ కోటు బయటికి తీశాను.

మీ కోటు.

ఆ రోజు సంగతి మీకంటే ఎవరికి తెలుసు. అయినా నా వైపునుంచి మీరెప్పుడూ వినలేదు కాబట్టి రాస్తున్నాను. ఎనభైతొమ్మిది మే నెల, పైరేవు జట్టుతో ఆఖరి ఫుట్‌బాల్ ఆట. మొదటి సగంలో మీరు ఒక గోలు వదిలారు, వేలు విరిగిందని బయటికి వచ్చేశారు. మీ బదులు బెపో దిగాడు. మనవాళ్ళు ఒకటి కొట్టి సమం చేశారు. చివరి నిమిషంలో బెపో కాళ్ళ మధ్యనుంచి ఇంకొకటి పోయింది. మన జట్టు కింది తరగతికి పడిపోయింది. ఊరంతా శోకాలు పెట్టింది. నేను మామూలుగా మాసిన బట్టలు పోగు చేసుకోవడానికి గదిలోకి వచ్చాను. గోల్‌కీపర్లు ఆటకి ముందూ వెనకా తొడుక్కునే కోట్లు రెండే, రెండూ ఒక్కలాగే ఉండేవి. మీ మేకుకి ఉన్న కోటు తీసి, అలవాటుగా జేబులు తడిమాను. లోపలి జేబులో నోట్ల కట్ట తగిలింది. జర్మన్ మార్కులు.

నేను అరిచాను. అంతే నేను చేసింది. అంతే అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నా అరుపుకి లోపలికి వచ్చినవాళ్ళు కట్ట చూశారు, మేకు చూశారు, మీ కట్టు కట్టిన వేలు చూశారు. ఆట అమ్ముకుని వేలు విరిగిందని నాటకం ఆడాడు అన్నారు. మిమ్మల్ని తలుపు దాకా నెట్టుకుంటూ పోయారు. మీరు వెనక్కి తిరిగి నాకేదో చెప్పబోయారు గాని ఆ గోలలో నాకు వినబడలేదు. మర్నాడు పొద్దున్నే పడవెక్కి వెళ్ళిపోయారని విన్నాను. అదే రోజు బెపో తన కోటు పట్టుకుని పడవల గట్టు మీదికి వెళ్ళి, అందరూ చూస్తుండగా కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. ద్రోహి తొడుక్కున్నదానిలాంటి గుడ్డ నా ఒంటి మీద ఉండకూడదు అన్నాడు. ఆ రోజునుంచి ఆయన ఈ ఊరికి దేవుడు.

మీ కోటు కూడా కాల్చెయ్యమని నాకు చెప్పాడు. సరే, కాల్చేశానన్నాను. కాల్చలేదు. మాసిన గుడ్డని మాసినట్టుగా తగలబెట్టడం నా చేతకాలేదు. పోనీ ఉతుకుదామంటే అదీ చేతకాలేదు. సంచిలో కుక్కి పెట్టె అడుగున పడేశాను. నా చేతికి వచ్చి ఉతక్కుండా ఉండిపోయిన బట్ట నా జన్మలో అదొక్కటే.

ప్రకటనలో మీ పేరు రాశాను. పేరు లేకపోతే ఎవడూ తొంగి చూడడని లూత్సే అంది. మీ పేరు ఈ ఊళ్ళో రెండోసారి నేనే బజారుకి ఎక్కించాను, ఇది కూడా మీ కోపంలో కలుపుకోండి. మూడు వందలు అడిగాను.

రెండు రోజులకి ఒకడు తగిలాడు. పడవలగట్టు89 అని పేరు పెట్టుకున్నాడు. నూట ఇరవై ఇస్తా, పురుగు కొట్టేసి ఉంటుంది అన్నాడు. పురుగులు నా ఇంటి గడప తొక్కవు అన్నాను. నూట యాభై అన్నాడు. చేపల బజారులో యాభై ఏళ్ళు బేరమాడినదాన్ని నేను. అక్కడైతే జాలరి కళ్ళు చూసి ఎక్కడ ఆగుతాడో చెప్పగలను. ఇక్కడ కళ్ళు లేవు, రాస్తున్నాడని తెలియడానికి మూడు చుక్కలు కదులుతాయి, అంతే. ఆ చుక్కలు చూస్తూ కాఫీ చల్లార్చుకునేదాన్ని. రెండు వందలకి వచ్చాడు. నేను రెండు వందల ఎనభైకి దిగాను. అది నిజంగా ఆయనదేనని ఏంటి గ్యారంటీ అన్నాడు. నాకు రోషం వచ్చింది. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారంతో కోటు అంచు లోపల గుర్తు కుట్టేదాన్ని, నిక్షాకి ఎర్ర దారం, బెపోకి ఆకుపచ్చ, అది నాకూ తొడుక్కునేవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు అని రాసేశాను. ఉతికారా అని అడిగాడు. లేదన్నాను.

వెంటనే తొమ్మిది వందలు అన్నాడు.

బేరం పెరిగితే వణికిపోయిన అమ్మకందారు నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎందుకయ్యా అంత అని అడిగాను. దాచకుండా చెప్పాడు. ఈ ఆదివారం పైరేవు వాళ్ళతో ఆట ఉంది. మైదానంలో ఉత్తరం వైపు మెట్ల మీద ఆ కోటు తలకిందులుగా వేలాడదీస్తారట, కింద మీ పేరు రాస్తారట. ఆట అయ్యాక గట్టు మీదికి ఊరేగించి, బెపో కాల్చిన చోటే కాలుస్తారట. ఆ తర్వాత కుర్రాళ్ళు రియెకా దాకా వెళ్ళి మీకు బూడిద అప్పజెప్పి వస్తారని కూడా రాశాడు. నవ్వుతున్న బొమ్మ పెట్టాడు చివర.

ఆలోచించుకుంటాను అని రాశాను. ఒక గంటకి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “ఆలోచన దేనికి పెద్దమ్మా, ఆకుపచ్చ కిటికీ తలుపులు, రొట్టెల కొట్టు పైన మూడో ఇల్లు. మేమే వచ్చి పట్టుకెళ్తాం.” ఫోటోలో కోటు వెనకాల మా కిటికీ పడింది. అంత తెలివితక్కువదాన్ని నేను.

నిన్నటినుంచి ఎదురుగోడ మీద ఇద్దరు కూర్చుంటున్నారు. గుమ్మడి గింజలు కొరికి పొట్టు ఊస్తూ ఉంటారు. గోడ కింద పొట్టు కుప్ప పెరుగుతోంది. పొద్దున నేను దుంపలు తెచ్చుకుంటుంటే పెద్దవాడు లేచి వచ్చి సంచి అందుకున్నాడు, గుమ్మం దాకా మోసుకొచ్చాడు. నేను వద్దంటున్నా వినలేదు. “బెపో గారి ఇంటావిడవి, నీ మీద ఈగ వాలనిస్తామా పెద్దమ్మా” అన్నాడు. తిట్టి ఉంటే ఇంత భయం వేసేది కాదు. ఆ మర్యాద నాది కాదు, గోడ మీద బొమ్మది. బొమ్మ ఉన్నన్నాళ్ళే.

ఇవాళ పొద్దున ఆఖరి మాట వచ్చింది. ఎర్ర దారం కుట్టు ఫోటో ఒక్కటి పంపు, మాలో పెద్దవాళ్ళు చూస్తామంటున్నారు, పదకొండు వందలు చేతిలో పెట్టి తీసుకెళ్తాం అని. పదకొండు వందలకి పైపళ్ళూ వస్తాయి, కిందిపళ్ళూ వస్తాయి. లూత్సే అయితే, “ఇచ్చి పారెయ్ వదినా, ఆ మనిషి ఎక్కడో రియెకాలో ఉన్నాడు, నువ్వు ఇక్కడ ఈ రాక్షసుల మధ్య ఉన్నావు” అంది. ఆవిడ మాట తప్పని అనలేను. ఆవిడకీ భయమే.

కాని నేను ఇవ్వను. కోటు ఈ ఉత్తరంతోపాటు మీకే పంపిస్తున్నాను. రియెకా బస్సు డ్రైవరు లూత్సేకి తెలిసినవాడు, సాయంత్రానికి మీ ఊరు చేరుస్తాడు. మీరు తగలబెట్టుకుంటారో, దాచుకుంటారో మీ ఇష్టం. ఆదివారం మాత్రం ఇల్లు కదలకండి, తలుపు ఎవరు కొట్టినా తియ్యకండి. ఆ రోజు నేను అరవకుండా, కట్ట తీసి మీ చేతిలో పెట్టి, ఇదేంటి అన్నా అని నెమ్మదిగా అడిగి ఉంటే ఎలా ఉండేదా అని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు. దానికి క్షమించమని అడుగుతున్నాను. వేలు సరిగా అతుక్కుందా? వానాకాలంలో లాగుతుందా?

ఇంతే సంగతులు. అక్షరాలు కుదరలేదు, మన్నించండి.

మీ మంచి కోరే,
తోంకా.

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. ఉత్తరం మడిచాక ఉండబట్టలేక మళ్ళీ విప్పాను. బస్సుకి టైమవుతోందని లూత్సే పెరటి మెట్ల మీద నిలబడి తొందరపెడుతోంది, అందుకని గబగబా రాస్తున్నాను.

ఆ రోజు మీరు అరిచింది నాకు వినబడింది. “తోంకా, లోపలి కుట్టు చూడు” అన్నారు. రెండుసార్లు అన్నారు. కోటు నా చేతిలోనే ఉంది. అంచు తిప్పితే చాలు. గదిలో పాతికమంది మగవాళ్ళు నా మొహంలోకి చూస్తున్నారు, వాళ్ళ వెనక బెపో ఉన్నాడు. ఆయన మొహం చూశాను. కుట్టు చూడలేదు. అప్పుడూ చూడలేదు, ముప్ఫై అయిదేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. చూడకపోతే నాకు తెలియనట్టే కదా అని బతికేశాను.

ఇవాళ పొద్దున వాడు అడిగిన ఫోటో కోసం అంచు తిప్పాను. ఆకుపచ్చ దారం అన్నా. నా చేత్తో కుట్టిందే. అది బెపో కోటు. తొందరలో మీ మేకుకి తగిలించాడో, కావాలనే తగిలించాడో నాకు తెలియదు. కాని మర్నాడు గట్టు మీద ఊరంతా చూస్తుండగా కాల్చింది మీ కోటు. కాలుస్తున్నదేదో ఆయనకి తెలుసు.

ఫోటో ఇప్పుడే పంపేశాను. వాడికి ఒక్కడికే కాదు, ప్రకటనలో అందరికీ కనబడేట్టు పెట్టాను. మీ పేరు తీసేసి మా ఆయన పేరు రాశాను, కింద మార్కుల సంగతి రాశాను, అరిచింది నేనేనని రాశాను. అమ్మకానికి లేదు అని రాశాను.

మూడు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. గోడ మీద ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు. గింజలు కొరకడం మానేశారు. పెద్దవాడు తలెత్తి మా కిటికీ వైపు చూశాడు, తర్వాత దూరంగా కనిపించే బొమ్మ వైపు చూశాడు. ఇప్పుడు గోడ దిగారు.

కోటు ఉతకలేదు. మీరు తిప్పి చూసుకోవాలని అలాగే పంపుతున్నాను.

తలుపు కొడుతున్నారు. కోటూ ఈ ఉత్తరమూ పట్టుకుని లూత్సేని వెనకవైపునుంచి బస్సుకి వెళ్ళమన్నాను. నేను వెళ్ళి తీస్తాను.