అనంతగిరి దారిలో ఆగిన బండి

పురానాపూల్,
హోళీ వెళ్ళిన ఆరో రోజు, 1939.

సౌభాగ్యవతి ఆండాలుకు దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ నువ్వూ, అత్తమ్మా, మామా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఎండలు వచ్చాక అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది. నువ్వు పెట్టిన మల్లెతీగ మొగ్గ వేసింది. భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదని రాశావు. అత్తమ్మ రాసే నూనె మానకు. పాలు ఇప్పటికీ మైసయ్యే తెస్తున్నాడు. తన బర్రె అడ్డం రాబట్టే మనం బండి మీద నుంచి పడ్డామని, నీ ఎముక విరిగిందని, ఈ నాలుగు నెలలూ ఊరికే పోస్తున్నాడు.

మళ్ళీ మోటారు సైకిలు ఎక్కారా అని అడిగావు. ఎక్కాను. వర్క్‌షాపులో రెండు రోజులు సెలవడిగి, ఒక్కడినే అనంతగిరికి బయలుదేరాను. వెనుక సీటు మీద డేరా గుడ్డ, కంబళి, ఒక గిన్నె కట్టుకున్నాను.

"ఒక్కనివే అడవిల పండుతవా? నీకేం ఫికర్ లేదా బిడ్డా?" అంటూ అమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. పడ్డప్పటి నుంచి చేతుల్లో చేరిన వణుకు పోతుందేమో చూద్దామని పోతున్నట్టు ఆమెకు చెప్పలేకపోయాను.

కార్వాన్ దాటేసరికి తెల్లవారింది. లంగర్‌హౌజ్ తరువాత రోడ్డుకు రెండు పక్కలా మోదుగలు ఎర్రగా విరగబూశాయి. చాలా రోజులకు ఈల వేశాను.

చేవెళ్ల దాటాక రోడ్డు పక్కన ఒక బర్రె నిలబడి ఉంది. చూడగానే బండి ఆపేశాను. అది కదలలేదు. నెమరు వేస్తూ నన్నే చూసింది. చెట్టు కింద కూర్చున్న ముసలమ్మ లేచి వచ్చింది.

"ఏందయ్యా, గట్ల నిలవడ్డవ్? మా బర్రె నిన్నేమన్న అన్నదా?"

"ఏమనలేదమ్మా," అన్నాను.

బండి ఎక్కినా ఆ మాట దారంతా నన్ను వదల్లేదు. సాయంత్రం కొండ మీద డేరా వేసి, మూడు రాళ్ళు పేర్చి చాయ కాచుకున్నాను. లోయంతా పూతే. అయినా రెండో రోజు ఉండబుద్ధి కాలేదు. తెల్లారగానే డేరా విప్పేశాను.

ఆండాలూ, ఆ రోజు జియాగూడ మలుపులో మైసయ్య బర్రె మనకు అడ్డం రాలేదు. ఓ పక్కన నిలబడి ఉంది, అంతే. నువ్వు "మెల్లగ పోనియ్యుండ్రి" అంటున్నా వినకుండా, ముందు పోయే మోటారును దాటి నీకు చూపించాలని ఉరికించాను. ఇసుకలో చక్రం జారింది. నువ్వు భయంతో కళ్ళు మూసుకున్నావు, అందుకే చూడలేదు. జనం పోగై అడిగితే బర్రె అని నేనే అన్నాను. తరువాత వెనక్కి తీసుకోలేకపోయాను.

కొండ నుంచి రాగానే మైసయ్య కొట్టానికి పోయి ఇదంతా చెప్పాను. అతను చేతిలోని పాలచెంబు కింద పెట్టాడు.

"దాన్ని గుంజకు కట్టి కొట్టిన, విశ్వేశ్వర్ భాయ్," అన్నాడు. "సదాశివపేట అంగట్ల అమ్ముకున్న. అప్పుడది సూడితో ఉండె, కడుపుల దూడ."

"పోయి దేవులాడుదం అన్నా. నా బండి మీద..."

"నీ బండి నేనెక్క. రైల్ల పోదాం."

సోమవారం ఇద్దరం పోతున్నాం. అది దొరికినా, దొరకకున్నా, అక్కడి నుంచి జహీరాబాదు, నీ దగ్గరికి వస్తాను. తలుపు తీయాలో వద్దో నీ ఇష్టం.

ఇట్లు,
నీ పెనిమిటి
విశ్వేశ్వర్