మిగిలిపోయిన రెండో పాట

కొయ్వుసారి ఊరు,
జూన్ నెలాఖరు

హెల్సింకిలో ఉన్న లైతురి బ్యాండు ఆఫీసు వారికి, సరస్సు ఇవతలి ఒడ్డు నుంచి ఉర్హో తుర్క్కిలా దండాలు పెట్టి రాసేది.

ఇది చదివేది అయ్యగారో అమ్మగారో నాకు తెలీదు. ముందు మంచి మాట చెబుతా. మీ బ్యాండంటే నాకు ప్రాణం. మీ క్యాసెట్టు నా ట్రాక్టర్లో తిరిగి తిరిగి అరిగిపోయింది. అందులో ఆ నెమ్మది పాట వచ్చిందంటే నా చాళ్ళు వంకర పోతాయి. అట్లాంటి మీరు మొన్న శనివారం మా డ్యాన్సు పందిట్లో చేసింది మనుషులు చేసే పనేనా?

మొదటి పాట బాగానే ఉంది. ధైర్యం చేసి హిల్క్కాని డ్యాన్సుకి పిలిచాను. ఆ ధైర్యం రావడానికి ఎన్ని వేసవులు పట్టిందో నాకే తెలుసు. పందిరి పద్ధతి మీకు తెలియంది కాదు. పిలిచిన మనిషితో రెండు పాటలు ఆడాలి, ఆ తర్వాత ఆవిణ్ణి కూర్చున్న చోటికే తీసుకెళ్ళి దిగబెట్టి, థాంక్స్ చెప్పి రావాలి. మొదటి పాటంతా సిగ్గుతోనే సరిపోతుంది. మాటలన్నీ రెండో పాటలోనే. నేనూ ఒక మాట దానికోసమే దాచుకున్నాను.

రెండో పాటకి మీ పాటగాడు రామి ఏం చేశాడో తెలుసా? మైకు మా మొహాల మీదకి తిప్పి మమ్మల్నే పాడమన్నాడు. మేము పాడేదానికి వాణ్ణి అంత దూరం నుంచి పిలిపించడం దేనికి? తర్వాత గిటారు కుర్రాడు కళ్ళు మూసుకుని అందుకున్నాడు, మళ్ళీ తెరవలేదు. ఆ మోతకి కాలు ఎక్కడ వెయ్యాలో ఎవరికీ తెలీలేదు. పాట సగంలో ఆపి రామి తన విడాకుల సంగతి ఎత్తుకున్నాడు. ఆపైన పొగ వదిలారు. పొగ తగ్గేసరికి మీరూ లేరు, మీ వ్యానూ లేదు. నేనూ హిల్క్కా చేతులు పట్టుకుని నడిమధ్యన నిలబడి ఉన్నాం. కాసేపు చూసి ఆవిడ సైకిలెక్కి వెళ్ళిపోయింది.

నాకు టికెట్టు డబ్బులొద్దు. రెండో పాట కావాలి. వచ్చి వాయించి పొండి.

ఇంకా పందిట్లో నిలబడే ఉన్న
ఉర్హో

తా.క. పొగ దోమలకేమో అనుకున్నాం. వాటికి బాగా నచ్చినట్టుంది, చుట్టాల్ని కూడా పిలుచుకొచ్చాయి.



హెల్సింకి,
జులై మొదటి వారం

గౌరవనీయులైన ఉర్హో, హిల్క్కా తుర్క్కిలా దంపతులకు,

నమస్కారం. మీ అభిమానానికి ధన్యవాదాలు. మా బ్యాండు ఆ రోజు ఒప్పుకున్న పాటలన్నీ వాయించిందని మనవి. రెండో పాటను ప్రేక్షకుల ఆనందం కోసం పొడిగించారు. మీ శ్రీమతిగారు అంతసేపు నిలబడాల్సి రావడం మాకు బాధ కలిగించింది. ఈసారి ఆవిడకు కుర్చీ వేయిస్తాం. మీ దంపతులకు బ్యాండు బొమ్మ ఉన్న రెండు బనీన్లు పంపుతున్నాం.

భవదీయురాలు,
ఈరిస్ కంగస్నియెమి, ఆఫీసు కార్యదర్శి

తా.క. పొగ హానికరం కాదు. దోమల విషయం మా దగ్గర ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.



కొయ్వుసారి,
జులై, ఎండుగడ్డి కోతల్లో

ఈరిస్ అమ్మాయికి తాత దీవెనలు.

తల్లీ, నువ్వు చదువుకున్నదానివి, నేను బళ్ళో కంటే బడి వెనకాల చేపలు పట్టింది ఎక్కువ. అయినా అడుగుతున్నా, నాకు పెళ్ళి చెయ్యమని నిన్ను ఎవరడిగారు? హిల్క్కా నా భార్య కాదు. ఆవిడ భర్త పోయిన మనిషి, నేను భార్య పోయినవాణ్ణి, మధ్యలో సరస్సుంది. నీ పార్శిలు మీద "దంపతులు" అని చూసి పోస్టావిడ కొట్లో అందరికీ చదివి వినిపించింది. రొట్టెలు కొనడానికి వెళితే కొట్టువాడు రెండు కట్టలు కట్టి ఇచ్చాడు.

హిల్క్కా చెవిన పడకుండా ఉంటుందా? నిన్న పడవేసుకుని వచ్చింది. కాఫీ పోశాను, గుటక వెయ్యలేదు. పార్శిలు విప్పి చూసింది. "మనకి పెళ్ళెప్పుడయింది, ఉర్హో? నేను ఊళ్ళో లేనప్పుడా?" అంది. నా నోట్లో దాచుకున్న మాటే ఉంది కానీ పాట లేందే బయటికి రాదు కదా. నిండిన కప్పులోనే ఇంకాస్త కాఫీ పోశా. ఆవిడ బనీన్లు రెండూ చంకలో పెట్టుకుని పడవెక్కి వెళ్ళిపోయింది.

వేరే బ్యాండుకి ఆడెయ్యొచ్చు కదా అంటావేమో. మొదటి పాట ఎవరు వాయించారో రెండోదీ వాళ్ళే వాయించాలి. ప్రతి శనివారం పందిరికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటున్నా. ఒక్కరినీ పిలవలేదు. పిలవను. మీరు వచ్చేదాకా రాస్తూనే ఉంటా, స్టాంపులు దండిగా కొనిపెట్టుకున్నా.

కదలని
ఉర్హో

తా.క. కుర్చీ వేయిస్తానన్నావు. డ్యాన్సాడేవాళ్ళకి కుర్చీ ఎందుకో మీ ఆఫీసులో ఎవరైనా ఆడి చూపించండి.



హెల్సింకి,
జులై చివర

ప్రియమైన ఉర్హో తాతగారికి,

మీ ఉత్తరం చదివి పరుగున రామి దగ్గరికి వెళ్ళాను. నా పొరపాటు వల్ల హిల్క్కాగారు అలిగి, బనీన్లు తీసుకుని మిమ్మల్ని వదిలి వెళ్ళిపోయారని రామికి చెప్పాను. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు. తన కాపురం ఎలాగూ నిలవలేదట, మీ జంటనైనా కలిపి తీరతానని పట్టుబట్టాడు. ఆగస్టు మొదటి శనివారం బ్యాండంతా మీ పందిరికి వస్తోంది. ఆ పాట క్యాసెట్టులో ఉన్నట్టే, అంతే నెమ్మదిగా వాయిస్తారు. పొగ ఉండదు. రామి పాటకి తప్ప నోరు విప్పడు.

మీ మనవరాలి లాంటి
ఈరిస్

తా.క. గిటారు అబ్బాయి కళ్ళు తెరిచి వాయించడం సాధన చేస్తున్నాడు. కాస్త కష్టంగానే ఉంది.



కొయ్వుసారి,
ఆగస్టు మొదటి రోజులు

ఈరిస్ తల్లికి, తొందర్లో.

రావద్దు. రామికి చెప్పు, వ్యాను చక్రాల్లో గాలి తీసెయ్యి, ఏదో ఒకటి చెయ్యి. మీరు రాకూడదు.

మొన్న శనివారం పాల వ్యాను తోలే మార్త్తి హిల్క్కా దగ్గరికెళ్ళి వంగి మరీ పిలిచాడు. ఆవిడ కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "రెండో పాట అవలేదు మార్త్తీ. నేనింకా ఉర్హో జతలోనే ఉన్నా" అంది. పందిరంతా విన్నది. బెంచీ మీద నేనూ విన్నా. అప్పటినుంచి ఆవిడ పడవ రోజూ నా ఒడ్డునే ఉంటోంది. కాఫీ తాగుతోంది, నా చేపల పులుసులో ఉప్పెక్కువని తిడుతోంది. బనీను వేసుకునే వస్తోంది, నాది నా మీదకి విసిరింది.

ఇప్పుడు అర్థమైందా? మీరొచ్చి ఆ పాట వాయించారంటే జత అయిపోయినట్టు. పద్ధతి ప్రకారం ఆవిణ్ణి ఆవిడ చోట దిగబెట్టి థాంక్స్ చెప్పి రావాలి. నేను దిగబెట్టను. మీ బ్యాండు ఎంత చెత్తగా వాయించినా నాకు మంచే చేసింది, దాన్ని ఇప్పుడు బాగా వాయించి చెడగొట్టకండి.

మీ మేలు మరవని
ఉర్హో

తా.క. ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని నా చేతికిచ్చాడు, నేను విప్పి చదివాను. తప్పకుండా రండి. దాచుకున్న మాటేదో ఉందట, పాట లేందే ఈయన నోరు తెరిచేలా లేడు. నన్ను నా చోట దిగబెట్టాలని భయం దేనికి? నా కుర్చీ నిన్ననే పడవలో తెచ్చి ఈయన వంటింట్లో పొయ్యి పక్కన వేశాను. దాని మీదే టోపీ పెడుతున్నాడు, ఎక్కడిదని ఇంకా అడగలేదు. హిల్క్కా.