మీవారు ఇంట్లో లేరా?

బోయిగూడ, 2006 జులై, గురువారం రాత్రి

మా ఆయన్ని చూసుకోడానికి రోజూ వచ్చే లక్ష్మి నేర్చుకున్నది వట్టి దండగ అని నిన్న రాశాను. తప్పు రాశాను. ఊళ్ళో ఆడపిల్లలంతా కంప్యూటర్ కోర్సులకు పోతుంటే, ఆమె యాప్రాల్ వెళ్ళి మతిమరుపు రోగుల్ని చూసుకునే కోర్సు చేసి వచ్చింది. వాళ్ళ మాటకు అడ్డు చెప్పకూడదన్నది అందులో మొదటి పాఠం. ముప్పయ్యేళ్ళు పిల్లల తప్పులు దిద్దిన నాకు అది మింగుడుపడలేదు.

సాయంత్రం మా ఆయన నన్నే అడిగారు, "అమ్మా, మీవారు ఇంట్లో లేరా?" అని.

నేనే మీ భార్యనని రోజూ చెప్పి, రోజూ ఆయన్ని ఏడిపించాను. ఇవాళ మాత్రం పాఠం ప్రకారం "డ్యూటీకి వెళ్ళారండీ" అన్నాను.

వెంటనే లేచి చెప్పులు వెతుక్కున్నారు. "మగాయన లేని ఇంట్లో నేను కూర్చుంటే బాగుండదమ్మా." మర్యాద ఒక్కటీ మరిచిపోలేదు మహానుభావుడు.

లక్ష్మి గుమ్మానికి అడ్డం నిలబడింది. "నేనున్న గద సారూ! జెర కూసోండ్రి, నీళ్ళు తాగి పోదురు."

కూర్చున్నారు. రోజూ తాగే గ్లాసునే, పరాయింటి గ్లాసులా పెదవికి తగలనీయకుండా ఎత్తి తాగారు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

రేపు లక్ష్మి రాగానే అటక మీంచి చుట్టాల కప్పులు దింపించాలి. రెండింటికి పిడి విరిగింది, అవి కాకుండా మంచిది చూసి కడగమనాలి.