పట్టగొలుసుల చప్పుడు

మియాపూర్,
జూలై 13, ఆదివారం.

సక్కుబాయి అత్తమ్మకు,

ఈరోజు లేచి చూస్తే, నువ్వు నా పుట్టినరోజుకు పెట్టిన పట్టగొలుసులు తమ్ముడు ఓంకార్ చేతిలో ఉన్నాయి. వాటి చప్పుడుకు వాడు చెవులు మూసుకుని ఏడుస్తాడని అమ్మ నాలుగు నెలల కిందటే వాటిని బీరువాలో దాచింది. "జర ఓర్సుకో బిడ్డా, తమ్ముడు పరేషాన్ అయితున్నడు" అంది. వాడికి గుచ్చుకుంటాయని చొక్కాల లేబుళ్లు ఓపికగా కత్తిరిస్తుంది. చప్పుళ్లు, తాకిళ్లు తట్టుకోవడం నేర్పే థెరపీకి ప్రతి శనివారం రాయదుర్గం తీసుకెళ్తుంది. నా జడ మాత్రం నేనే వేసుకోవాలి. అసూయ అనే మాట ఈమధ్యే నేర్చుకున్నాను అత్తమ్మా. నా కోసమే పుట్టినట్టుంది.

అలాంటివాడు ఈరోజు బీరువా తెరిచి, తనే వాటిని ఊపి నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండి, లాక్కుని కాళ్లకు పెట్టుకుని నడిచాను. వెంటనే ఏడుపు.

"చెప్పకుండ మోగిస్తవేందక్కా?" అన్నాడు.

చప్పుడు ఎప్పుడొస్తుందో తెలియకపోతే అది వాడికి దెబ్బలా తగులుతుందని థెరపీ మేడమ్ చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది.

అసూయ ఇంకా పోలేదు. కానీ రేపు పొద్దున ఒక గొలుసు వాడి చేతికిచ్చి, రెండోది నేను పెట్టుకుంటాను. వాడు మోగించాకే అడుగు వేస్తాను.

నీ మేనకోడలు