అత్తయ్య మిషన్‌కు పూర్తి ధర

అత్తయ్యా, పాలు కాచి మూత పెట్టాను. మధ్యాహ్నం మిషన్ షాపువాళ్లు వస్తారు. ముందుగదిలో ఎక్కడ పెట్టాలో మీరే దగ్గరుండి చెప్పండి.

అవును, కొత్త ఎంబ్రాయిడరీ మిషనే. మీరు నడకకు వెళ్లాక ఇన్సూరెన్స్ ఆఫీసరు ఫోన్ చేశాడు. ఇంటి పాలసీలో సామాన్లన్నిటికీ కవరేజీ ఉన్నా, సంపాదనకు వాడే వస్తువులకు ఓ పరిమితి ఉందట. మామూలుగా అయితే కాలిపోయిన మీ మిషన్‌కు పావు వంతు కూడా వచ్చేది కాదు. పోయినేడు నేను దాన్ని ఫొటో, బిల్లుతో సహా పాలసీలో విడిగా రాయించాను కాబట్టి పూర్తి ధర ఇస్తున్నారు. ఆ రోజు మీరు "మిషన్‌కి ఫొటో ఎందుకే, సంబంధం చూస్తున్నావా?" అని వీధంతా వినేలా నవ్వారు. ఇప్పుడు పక్కింటి పిన్నిగారికి ఈ సంగతి కూడా అదే గొంతుతో చెప్పండి.

డ్యూటీకి ఆలస్యమైంది, వెళ్తున్నాను.

అన్నట్టు, వెనకగది తగలబడుతుంటే మిషన్ కోసం మీరు లోపలికి పరుగెత్తబోయారు, నేను చెయ్యి పట్టి లాగాను. ఆ భుజం ఇంకా నొప్పిగా ఉందని మీ అబ్బాయితో అన్నారట. మందు తెచ్చి కిటికీలో పెట్టాను, రాసుకోండి. అంత గట్టిగా లాగినందుకు మాత్రం క్షమాపణ చెప్పను.