పత్రికకెక్కిన అమ్మ ఇంటిపేరు

బంగారుతల్లి మార్లేనీకి,

బంగాళాదుంప తెగులు మీద నువ్వు రాసిన పరిశోధన వ్యాసం విదేశీ పత్రికవాళ్ళు ఒప్పుకున్నారని దుకాణం ఫోన్‌లో విని, ఈ వయసులో ఎగిరి గంతేశాను తల్లీ! అంతలోనే నువ్వు ఏడ్చావు. వాళ్ళు మన పద్ధతిలో ముందుండే నాన్న ఇంటిపేరు వదిలేసి, చివరనున్న అమ్మ ఇంటిపేరు చోకే ఒక్కటే వేశారనీ, అది దిద్దేదాకా అచ్చు ఆపమంటాననీ అన్నావు. నేను నోరు తెరిచేలోగా లైను తెగిపోయింది. ఈ నెలలో అచ్చు కాకపోతే యూనివర్సిటీ ఉద్యోగం ఇంకొకరిదని నువ్వే కదా చెప్పావు!

మీ అమ్మ ఏమందో తెలుసా? "ఇన్నేళ్ళూ నీ పేరు వెనకే నడిచాను ముసలోడా, ఒక్కసారి నువ్వు నా వెనక నడువు. కాళ్ళేం అరిగిపోవులే!" నవ్వలేక చచ్చాను. చలిలో చేలన్నీ తిరిగి, తెగులు పట్టిన ఆకులు ఏరి నీకు పంపింది ఆవిడే. నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను.

లీమా వెళ్ళే బస్సు డ్రైవరు యుసేబియో అరుస్తున్నాడు, "తాతా, కనుమలో మంచు పడుతోంది, ఉత్తరం ఇస్తావా, పొమ్మంటావా?" అని. ఇది అందగానే, కళ్ళు తుడుచుకోకముందే, పత్రికవాళ్ళకు సరేనని రాసెయ్యి.

ఇట్లు,
చోకే వారి అల్లుడు,
మీ నాన్న